మెట్ల పక్కన 19 జలపాతాలు: వాట్కిన్స్ గ్లెన్ నేర్పే నీటి పాఠం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వాట్కిన్స్ గ్లెన్ స్టేట్ పార్కు ఉంది. అందులోని ఇరుకైన రాతి లోయ మీద ఒక వేలాడే వంతెన కట్టారు. దాని మీద నిలబడి కిందికి చూస్తే 85 అడుగుల లోతున ఒక చిన్న వాగు కనిపిస్తుంది. వానలు లేని రోజుల్లో రాళ్ల మధ్య సన్నగా పారుతూ, పిల్లలు కూడా దాటేయగలరన్నట్టు ఉంటుంది. 1935 జులైలో వచ్చిన వరదలో ఆ వాగు నీరు వంతెనకు 5 అడుగుల దిగువ వరకు లేచింది. అంటే 80 అడుగులు. దాదాపు ఎనిమిది అంతస్తుల భవనమంత ఎత్తు!

ఈ పార్కులో మెట్లు ఎక్కడ ఉండాలి, ఏ దారికి గోడ కట్టాలి, గేటు ఏ నెలలో మూయాలి అన్నవాటిని చాలావరకు ఆ వాగే నిర్ణయించింది. రాతిని చెక్కి జలపాతాన్ని తయారుచేసిన బలం, దాని దగ్గర మనిషిని పడగొట్టే బలం వేరువేరు కావు. వాట్కిన్స్ గ్లెన్‌లో ఒక పూట నడిస్తే ఈ సంగతి కళ్లెదుటే అర్థమవుతుంది. వానాకాలంలో కుంటాలకో తలకోనకో వెళ్లేవారికీ ఈ పాఠం అంతే అవసరం.

ఎక్కడుంది, ఏముంది?

అమెరికాలో నేషనల్ పార్కులను కేంద్ర ప్రభుత్వం చూసుకుంటుంది. స్టేట్ పార్కుల బాధ్యత ఆయా రాష్ట్ర ప్రభుత్వాలది. వాట్కిన్స్ గ్లెన్ న్యూయార్క్ రాష్ట్రంలో ‘ఫింగర్ లేక్స్’ అని పిలిచే సరస్సుల ప్రాంతంలో, సెనెకా సరస్సు దక్షిణపు కొసన ఉంది. పటంలో చూస్తే ఈ సరస్సులు చాచిన చేతివేళ్లలా పొడవుగా, సన్నగా, ఉత్తర దక్షిణాలుగా కనిపిస్తాయి. ఆ పేరు అందుకే వచ్చింది. న్యూజెర్సీ వైపు నుంచి నయాగరా చూడటానికి కారులో బయలుదేరే తెలుగు కుటుంబాలకు ఇది దారిలో ఆగదగిన చోటు.

ఈ లోయను 1863లో ఒక ప్రైవేటు విహార స్థలంగా తెరిచారు. 1906లో రాష్ట్ర ప్రభుత్వం కొనుగోలు చేసింది. ఇక్కడి గ్లెన్ క్రీక్ అనే వాగు సుమారు 2 మైళ్ల (3.2 కిలోమీటర్ల) దూరంలో 400 అడుగులు (సుమారు 120 మీటర్లు) కిందికి దిగుతుంది. ఆ దిగుడులోనే 19 జలపాతాలు ఏర్పడ్డాయి. రెండు వైపులా 200 అడుగుల దాకా నిలువు రాతిగోడలు. వాగు పక్కనే సాగే ‘గార్జ్ ట్రెయిల్’ అనే కాలిబాటలో 832 రాతి మెట్లున్నాయి. లోయకు ఇరువైపులా గట్టు మీదుగా మరో రెండు కాలిబాటలు వెళతాయి.

మూడు కిలోమీటర్లకు 120 మీటర్ల దిగుడంటే సగటున 26 అడుగులు నడిస్తే ఒక అడుగు దిగడం. సమంగా పరిస్తే అది మామూలు ఏటవాలు మాత్రమే. కానీ ఈ వాగు ఆ దిగుడును సమంగా పంచుకోలేదు. కొన్నిచోట్ల దాదాపు చదునుగా పారి, కొన్నిచోట్ల ఒక్కసారిగా దూకింది. ఎందుకలా? దానికి జవాబు రాతిలో ఉంది.

సముద్రం పరిచిన పొరలు, మంచు తవ్విన లోయ

లోయ గోడలను దగ్గరగా చూస్తే పుస్తకం పేజీల్లా ఒకదానిపై ఒకటి పేర్చిన పలుచని పొరలు కనిపిస్తాయి. సుమారు 38 కోట్ల సంవత్సరాల కిందట, డెవోనియన్ యుగంలో, ఈ ప్రాంతం సముద్రం కింద ఉండేది. తూర్పున ఉన్న పర్వతాల నుంచి నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రుమట్టి ఆ సముద్రం అడుగున పొరలుగా పేరుకుని రాయిగా మారాయి. మెత్తని మట్టి గట్టిపడితే షేల్ అనే రాయి, ఇసుక గట్టిపడితే ఇసుకరాయి. మధ్యమధ్య సున్నపురాయి పొరలు కూడా ఉన్నాయి. కాలిబాటలో ఒకచోట రాతి మీద చిన్నచిన్న అలల గుర్తులు కనిపిస్తాయి. సముద్రపు అడుగున నీటి కదలికకు ఇసుక మీద పడిన చారలు అలాగే రాయిగా నిలిచిపోయాయన్నమాట.

రాయి పాతదే గానీ లోయ మాత్రం కొత్తది. గత హిమయుగంలో ఈ ప్రాంతమంతా మందపాటి మంచు కింద ఉండేది. ఉత్తరం నుంచి దక్షిణానికి కదిలిన హిమానీనదాలు, అంటే మెల్లగా జారే మంచు ప్రవాహాలు, అప్పటికే ఉన్న నదీ లోయలను బాగా లోతుగా తవ్వేశాయి. సెనెకా సరస్సు లోతు 618 అడుగులు (188 మీటర్లు). దాని అడుగు సముద్ర మట్టం కంటే దిగువన ఉంటుంది!

అయితే ఆ పెద్ద లోయలోకి పడమటి నుంచి వచ్చి కలిసే చిన్న వాగు లోయకు అంత తవ్వకం జరగలేదు. మంచు ప్రధాన లోయ వెంబడే ఎక్కువగా కదిలింది కాబట్టి పక్క లోయ పైనే ఉండిపోయింది. సుమారు 12,000 ఏళ్ల కిందట మంచు కరిగి వెనక్కి తగ్గేసరికి ఈ వాగు పెద్ద లోయ గోడ మీద, ఎత్తులో మిగిలిపోయింది. భూగర్భ శాస్త్రంలో దీన్ని ‘వేలాడే లోయ’ అంటారు. ఇంటి పైకప్పు నీరు చూరు నుంచి కిందికి దూకినట్టే, ఆ వాగు కూడా దూకడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆ నీరు రాతిని కోస్తూనే ఉంది.

జలపాతం వెనక్కి నడుస్తుంది

నీరు ఒక్కటే రాతిని కోయలేదు. అది మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్లే దాని పనిముట్లు. దూకిన నీరు పడే చోట ఈ రాళ్లు గిరగిరా తిరుగుతూ అడుగును తొలిచి గుండ్రని మడుగు చేస్తాయి. మెత్తని షేల్ పొర త్వరగా అరిగిపోతుంది, దాని పైనున్న గట్టి పొర చూరులా ముందుకు పొడుచుకుని మిగులుతుంది. కింద ఆధారం పోయాక ఆ చూరు ఏదో ఒకనాడు విరిగిపడుతుంది. రాతిలో ముందే ఉన్న నిలువు పగుళ్లు ఆ పనిని ఇంకా సులువు చేస్తాయి. చూరు విరిగిన ప్రతిసారీ జలపాతం కాస్త వెనక్కి, అంటే ఎగువకు, జరుగుతుంది.

వాట్కిన్స్ గ్లెన్‌లో గట్టి పొరలు, మెత్తని పొరలు మాటిమాటికీ మారుతుంటాయి. అందుకే ఒకే పెద్ద దూకుడుకు బదులు మెట్లు మెట్లుగా 19 జలపాతాలు వచ్చాయి. వాటిలో ఎత్తైన ‘సెంట్రల్ కాస్కేడ్’ 60 అడుగులకు పైబడి ఉంటుంది. ఇదే ప్రాంతంలో కయూగా సరస్సు ఒడ్డున ఉన్న టఘానక్ జలపాతం కథ ఇందుకు భిన్నం. అక్కడ పైనున్న గట్టి పొర కింద మెత్తని షేల్ చాలా మందంగా ఉండటంతో నీరు ఒక్క ఉదుటున 215 అడుగులు (66 మీటర్లు) దూకుతుంది. ఎత్తులో అది నయాగరాను మించినది. మంచు, వాగు, కాలం దాదాపు ఒకటే. పొరల అమరిక మారేసరికి జలపాతం రూపం మారింది.

కింది గేటు నుంచి పైకి నడిచే సందర్శకుడు వాగు కోసిన దారిలోనే నడుస్తుంటాడు. ఒకప్పుడు సరస్సు లోయ అంచున ఉన్న దూకుడు వేల ఏళ్లలో ఇంత దూరం వెనక్కి జరిగింది. ఆ పని నేటికీ ఆగలేదు.

పడిన నీటి శక్తి ఏమవుతుంది?

గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే 18 మీటర్ల ఎత్తు నుంచి పడే నీరు అడుగుకు చేరేసరికి సెకనుకు 19 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే గంటకు 68 కిలోమీటర్లు. టఘానక్ ఎత్తుకు అదే లెక్క వేస్తే గంటకు దాదాపు 130 కిలోమీటర్లు. నిజానికి నీరు తుంపరలుగా విడిపోతుంది కాబట్టి గాలి అడ్డుకుని ఈ వేగాన్ని తగ్గిస్తుంది.

ఆ శక్తిలో చాలావరకు నీటి సుడుల్లో కలిసిపోయి చివరికి వేడిగా మారుతుంది. కొంచెం శబ్దంగా వినిపిస్తుంది. చాలా చిన్న భాగమే రాతిని కోయడానికి ఖర్చవుతుంది. జేమ్స్ జూల్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1845లో ఈ వేడిని లెక్కగట్టాడు. నయాగరాలో పడిన నీరు పైనున్న నీటి కంటే ఫారన్‌హీట్ కొలతలో డిగ్రీలో ఐదో వంతు వెచ్చగా ఉండాలన్నాడు. 66 మీటర్ల టఘానక్‌కు ఆ పెరుగుదల సెల్సియస్ డిగ్రీలో ఆరో వంతు కంటే కూడా తక్కువ.

మరి జలపాతం దగ్గర చల్లగా ఎందుకుంటుంది? తుంపర ఆవిరి కావడం వల్ల. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జూళ్ల వేడి కావాలి. అదే గ్రాము 18 మీటర్లు పడినందుకు వచ్చే శక్తి 0.18 జూళ్లు మాత్రమే. ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలి నుంచి వేడి లాగేసుకుంటుంది. దానికి తోడు లోయ ఇరుకుగా, లోతుగా ఉండటంతో ఎండ ఎక్కువసేపు పడదు. అందుకే గట్టు మీద ఎండిన నేల ఉన్న రోజున కూడా లోయలో నాచు, ఫెర్న్ మొక్కలు పచ్చగా కనిపిస్తాయి. పాదం జారేదీ ఆ తడి, నాచుల మీదే.

నీటి తెర వెనక నుంచి

ఈ పార్కులో రెండు చోట్ల కాలిబాట జలపాతం వెనక నుంచి వెళుతుంది. ఒకటి ‘కావర్న్ కాస్కేడ్’, రెండోది ‘రెయిన్‌బో ఫాల్స్’. రెండో దానికి ఆ పేరు ఊరికే రాలేదు. ఎండ ఉన్న మధ్యాహ్నాల్లో ఆ తుంపరలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది.

అది కనబడాలంటే ఎక్కడ చూడాలో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి. తల నీడ ఎక్కడ పడుతుందో ఆ దిశే ఇంద్రధనుస్సు వృత్తానికి కేంద్రం. అక్కడి నుంచి 42 డిగ్రీల కోణంలో ఎరుపు, 40 డిగ్రీల దగ్గర ఊదారంగు ఉంటాయి. చెయ్యి పూర్తిగా చాచి, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా జాన విప్పితే సుమారు 20 డిగ్రీలు. అంటే తల నీడ నుంచి రెండు జానల దూరంలో వెతకాలి. ఆకాశంలో ఇంద్రధనుస్సు నేల నుంచి కనబడాలంటే సూర్యుడు 42 డిగ్రీల కంటే కిందికి దిగి ఉండాలి. జలపాతం దగ్గర తుంపర కాళ్ల దిగువన కూడా ఉంటుంది కాబట్టి సూర్యుడు ఇంకాస్త పైన ఉన్నా కనిపించవచ్చు.

మోకాలి లోతు నీటి బరువు

వాట్కిన్స్ గ్లెన్ లోయలో వాగులోకి దిగడం, ఈదడం నిషేధం. చూడటానికి సన్నగా పారే వాగుకు ఇంత కట్టడి ఎందుకని కొత్తవాళ్లు అనుకోవచ్చు. లెక్క వేస్తే కారణం తెలుస్తుంది.

అరమీటరు లోతు నీటిలో నిలబడిన మనిషి రెండు కాళ్లు ప్రవాహానికి అడ్డుగా సుమారు 0.15 చదరపు మీటర్ల వైశాల్యం చూపుతాయనుకుందాం. నీరు సెకనుకు 1 మీటరు వేగంతో, అంటే మామూలు నడక వేగంతో పారుతుంటే, కాళ్ల మీద పడే తోపుడు సుమారు 7 నుంచి 8 కిలోల బరువుతో సమానం. వేగం సెకనుకు 2 మీటర్లయితే అది 30 కిలోలు. 3 మీటర్లయితే దాదాపు 70 కిలోలు, అంటే ఒక పెద్ద మనిషి బరువంత. వేగం రెట్టింపైతే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. కింద నాచు పట్టిన రాయి ఉంటే నిలదొక్కుకోవడానికి పట్టు ఎక్కడ దొరుకుతుంది?

రాళ్ల సంగతి ఇంకా తీవ్రం. ప్రవాహ వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు కావచ్చు. నీటి తోపుడు రాయి ఉపరితల వైశాల్యాన్ని బట్టి, రాయి బరువు దాని ఘనపరిమాణాన్ని బట్టి పెరగడమే ఇందుకు కారణం. నిన్నటి దాకా గులకరాళ్లను దొర్లించిన వాగు, వరద రోజున బండరాళ్లను కదిలిస్తుంది.

జలపాతం కింది మడుగులో మరో ప్రమాదం ఉంది. మనిషి శరీరం నీటి కంటే కొద్దిగా మాత్రమే తేలిక. దూకే నీరు తనతోపాటు గాలిని లాక్కెళ్లి మడుగును నురగతో నింపుతుంది. ఆ నురగలో పదో వంతు గాలి ఉన్నా దాని సాంద్రత 10 శాతం తగ్గిపోతుంది. అప్పుడు మనిషి దానికంటే బరువవుతాడు. మామూలు నీటిలో తేలే మంచి ఈతగాడు కూడా ఇక్కడ మునుగుతాడు. పైగా మీద పడే నీరు కిందికి తొక్కుతుంది. మడుగు సుడి తిరిగి దూకుడు కిందికే లాగుతుంది.

1935 తర్వాత

ఇక వంతెన దాకా నీరు లేచిన సంగతి. మైదానంలో పారే నదికి వరద వస్తే నీరు పక్కలకు విస్తరిస్తుంది. ఇరుకైన రాతి లోయలో పక్కలకు పోయే వీలు లేదు. వచ్చిన నీరంతా వేగం పెంచుకోవాలి, లేదా ఎత్తు పెరగాలి. రెండూ జరుగుతాయి. కొట్టుకొచ్చిన చెట్ల దుంగలు ఇరుకు చోట్ల అడ్డుపడితే వెనక నీరు ఇంకా లేస్తుంది. 1935 జులైలో దక్షిణ న్యూయార్క్ ప్రాంతంలో కురిసిన కుండపోత వానలకు 40 మందికి పైగా చనిపోయారు. వాట్కిన్స్ గ్లెన్ లోయలోని దారులు, మెట్లు ధ్వంసమయ్యాయి.

నిరుద్యోగ యువతకు పని కల్పించడానికి అమెరికా ప్రభుత్వం ఆ రోజుల్లో నడిపిన ‘సివిలియన్ కన్జర్వేషన్ కోర్’ సభ్యులు వాటిని మళ్లీ నిర్మించారు. స్థానికంగా దొరికే రాతితో మెట్లు, పక్కగోడలు కట్టారు. ఈనాటి సందర్శకులు చేయి ఆనించి నడిచే గోడలు చాలావరకు ఆ పాఠం నుంచి పుట్టినవే.

శీతాకాలంలో గార్జ్ ట్రెయిల్‌ను మూసేస్తారు. సాధారణంగా మే నెల మధ్య నుంచి నవంబరు మొదటి రోజుల దాకా మాత్రమే తెరిచి ఉంటుంది. మెట్ల మీద మంచు గడ్డకట్టడం ఒక కారణమైతే, రాతి పగుళ్లలో నీరు గడ్డకట్టడం రెండోది. నీరు మంచుగా మారేటప్పుడు ఘనపరిమాణం 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పగులు కొంచెం విచ్చుకుంటుంది. కరిగాక నీరు మరింత లోపలికి దిగి, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. ఇలా శీతాకాలమంతా వదులైన రాళ్లను వసంతంలో సిబ్బంది గోడల నుంచి తొలగించాకే దారి తెరుస్తారు.

మన వాగుల దగ్గర

ఈ లెక్కలు న్యూయార్క్ వాగుకు మాత్రమే పరిమితం కాదు. ఆదిలాబాద్ జిల్లాలో కడెం నది మీదున్న కుంటాలకు, తిరుపతి దగ్గరి తలకోనకు, పశ్చిమ కనుమల్లో ప్రతి వానాకాలం పుట్టుకొచ్చే వందలాది ధారలకు ఇవే సూత్రాలు వర్తిస్తాయి. 2024 జూన్ 30న మహారాష్ట్రలోని లోనావాలా వద్ద, భూషి డ్యామ్ సమీపంలోని జలపాతం దగ్గర ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు ఉన్నట్టుండి పెరిగిన నీటిలో కొట్టుకుపోయారు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు చనిపోయారు. అక్కడ నీరు పెరిగింది వాన వల్ల కాదు, ఎగువనున్న ఆనకట్ట నుంచి వదలడం వల్ల. తలమీద ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎగువ నుంచి వరద రావచ్చు.

అన్ని చోట్లా గోడలు, గేట్లు ఉండవు. అలాంటి చోట ఈ గుర్తులు తెలిసి ఉండాలి:

• తేటగా ఉన్న నీరు బురదరంగుకు మారడం, ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకురావడం, నీటి హోరు పెరగడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే గట్టెక్కాలి. ఫొటో కోసం, చెప్పుల కోసం ఆగకూడదు.

• వాగు మధ్యలోని బండ మీద కూర్చోకూడదు. నీరు పెరిగితే అది దీవి అయిపోతుంది.

• జలపాతం పైఅంచుకు వెళ్లకూడదు. అక్కడ లోతు తక్కువే గానీ వేగం ఎక్కువ. జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

• ఎగువన వాన కురుస్తోందా, ఆనకట్ట ఉందా అన్నది ఊరివాళ్లను అడిగి తెలుసుకోవాలి.

చేసి చూడండి: సురక్షితమైన గట్టు మీద నిలబడి, వాగు వెంబడి 10 అడుగుల దూరాన్ని (3 మీటర్లు) రెండు రాళ్లతో గుర్తు పెట్టుకోండి. నీటిలో కొట్టుకొచ్చే ఎండుటాకు ఆ దూరం దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మూడు సెకన్లు పడితే వేగం సెకనుకు 1 మీటరు. ఒకటిన్నర సెకన్లయితే 2 మీటర్లు, అంటే కాళ్ల మీద 30 కిలోల తోపుడు. నీటిలో కాలు పెట్టకుండానే వాగు బలం ఎంతో ఒక ఆకు చెప్పేస్తుంది.

వాట్కిన్స్ గ్లెన్‌లో వనభోజనాలకు బల్లలు వేసిన స్థలాలు లోయ అడుగున ఉండవు. ప్రవేశద్వారాల దగ్గర, గట్టు మీద చెట్ల నీడన ఉంటాయి. మన దగ్గర వాగు ఒడ్డున బండ మీద చాప పరిచి క్యారియర్ విప్పడం అలవాటు. ఆ చాపను నాలుగు అడుగులు వెనక్కి, గట్టు మీద పరుచుకున్నా జలపాతం కనిపిస్తుంది. దాని హోరు వినిపిస్తుంది. అన్నం తిన్నాక అందరూ ఇంటికి చేరతారు.